తెర మీది అంగడి: ఏ గుర్తును ఎంతవరకు నమ్మాలి?

2007 అక్టోబరులో బెంగళూరులో ఇద్దరు యువ ఇంజినీర్లు ఇంటర్నెట్‌లో ఒక పుస్తకాల షాపు తెరిచారు. మొదటి ఆర్డరు మహబూబ్‌నగర్ నుంచి వచ్చింది. అక్కడి పాఠకుడు ఒకాయన జాన్ వుడ్ రాసిన ‘లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు చేంజ్ ద వరల్డ్’ కావాలని అడిగారు. షాపు పెట్టిన సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ దగ్గర ఆ పుస్తకం లేదు. నగరంలోని పుస్తకాల దుకాణాల్లో గాలించి, ఒక ప్రతి సంపాదించి పంపారు. ఆ షాపు పేరు ఫ్లిప్‌కార్ట్.

కంపెనీల ఎదుగుదల గురించి చెప్పేటప్పుడు ఈ ముచ్చట తరచూ వినిపిస్తుంది. కొన్నవారి వైపు నుంచి చూస్తే మాత్రం ఇందులో మరో కథ ఉంది. అప్పటికి ఆ షాపు పేరు ఎవరూ వినలేదు. సరుకు చేతికందాక డబ్బు కట్టే క్యాష్ ఆన్ డెలివరీ పద్ధతిని ఆ సంస్థ 2010లో గానీ మొదలుపెట్టలేదు. ముఖం తెలియని షాపులో, చేత్తో పట్టి చూడని సరుకును, వందల కిలోమీటర్ల దూరం నుంచి ఒక మనిషి ఎలా నమ్మి కొంటాడు?

ఈ ప్రశ్న ఇంటర్నెట్ కంటే పాతది. 1970లో అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని దీని మీద ఒక పరిశోధన పత్రం రాశారు. కారు మంచిదో కాదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి కొనేవాడు ఎంత మంచి బండికైనా నడిమి ధరే ఇస్తానంటాడు. ఆ ధర గిట్టక మంచి బండ్ల యజమానులు బజారు నుంచి తప్పుకుంటారు. చివరికి డొక్కు బండ్లే మిగులుతాయి. సమాచారం ఒక్కవైపే ఉన్నప్పుడు మొత్తం బజారే కూలిపోగలదని చూపించిన ఈ ఆలోచనకు 2001లో అకెర్లాఫ్ మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

సంతలో ఈ చిక్కుకు మందు కొనేవారి వేళ్లలోనే ఉంది. బెండకాయ కొన విరిచి చూస్తారు. పుచ్చకాయను తట్టి వింటారు. చీర అంచు తిప్పి నేత చూస్తారు. తెర మీది అంగడిలో ఇవేవీ కుదరవు. వాటికి బదులుగా కొన్ని గుర్తులు వచ్చాయి: అడ్రసు పక్కన తాళం బొమ్మ, సరుకు కింద నక్షత్రాలు, అమ్మకందారు పేరు, ఫోనుకు వచ్చే ఓటీపీ. ఒక్కో గుర్తు ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఒక గుర్తు ఇచ్చిన జవాబును వేరే ప్రశ్నకు జవాబుగా తీసుకున్న చోటే మోసగాడికి సందు దొరుకుతుంది.

తాళంకప్ప ఎవరిది?

కార్డు నంబరు ఫోను నుంచి షాపు కంప్యూటరు దాకా వెళ్లే దారిలో వైఫై పెట్టెలు, కేబుళ్లు, ఎవరెవరివో యంత్రాలు ఉంటాయి. అంతమంది చేతుల మీదుగా వెళ్లినా నంబరు ఎవరి కంటా పడకూడదు. దీనికి దారి చూపిన ఆలోచన 1970లలో పుట్టింది. ఒక షాపు తెరిచి ఉంచిన తాళంకప్పలను ఊరంతా పంచిపెట్టిందనుకుందాం. ఎవరైనా తమ చీటీని పెట్టెలో పెట్టి, ఆ కప్ప నొక్కి తాళం వేసి పంపవచ్చు. తాళం వేయడానికి చెవి అక్కర్లేదు. తీయడానికి కావాలి, ఆ చెవి షాపులో మాత్రమే ఉంటుంది.

అంకెలతో ఇలాంటి తాళంకప్పను చేసి చూపినవారు రివెస్ట్, షమీర్, ఏడల్మన్ అనే ముగ్గురు. అది 1977. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం కంప్యూటరుకు చిటికెలో పని. వచ్చిన లబ్ధాన్ని మాత్రమే ఇచ్చి, ఆ రెండు సంఖ్యలు ఏవో చెప్పమంటే మహా కష్టం. ఆ ఏడాది వారు సవాలుగా విసిరిన 129 అంకెల సంఖ్యను విడగొట్టడానికి పదిహేడేళ్లు పట్టింది. 1994లో వందలాది మంది స్వచ్ఛందంగా తమ కంప్యూటర్లను కలిపి ఆ పని ముగించారు. ఇప్పుడు షాపింగ్ సైట్లు వాడే తాళాలు దీనికంటే ఎంతో గట్టివి. వాటి పద్ధతులూ కొంత మారాయి, కానీ మూలసూత్రం ఇదే: వేయడం తేలిక, చెవి లేకుండా తీయడం అసాధ్యమంత కష్టం.

అయితే తాళంకప్ప ఎంత గట్టిదైనా, అది ఎవరు పంపిందో తెలియాలి కదా? అందుకే సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు వచ్చాయి. ‘ఈ తాళం ఫలానా అడ్రసు ఉన్న సైటుదే’ అని అవి ధ్రువీకరిస్తాయి. బ్రౌజరు దాన్ని సరిచూసుకున్నాకే తాళం బొమ్మ వేసేది. ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన మాట ఒకటుంది. సర్టిఫికెట్ చెప్పేది అడ్రసు గురించి మాత్రమే. ఆ అడ్రసులో ఉన్నవాడు నిజాయతీపరుడా, డబ్బు తీసుకుని సరుకు పంపుతాడా అన్నది అది చెప్పదు. 2015 చివరి నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ వంటి సంస్థలు సర్టిఫికెట్లను ఉచితంగా ఇస్తున్నాయి. ఇంటర్నెట్ భద్రతకు అది గొప్ప మేలు. దానితోపాటే దొంగ షాపు తలుపుకూ అసలైన తాళం బొమ్మ దొరుకుతోంది. నకిలీ సైటులో కార్డు నంబరు మధ్యదారిలో ఎవరికీ చిక్కకుండా, భద్రంగా దొంగ చేతికే చేరుతుంది.

గూగుల్ 2021లో చేసిన పరిశీలనలో తాళం బొమ్మ అసలు అర్థం సరిగా చెప్పగలిగినవారు 11 శాతం మందే. ఆ బొమ్మ లేనిపోని భరోసా ఇస్తోందని గుర్తించి, 2023 సెప్టెంబరులో క్రోమ్ బ్రౌజరు దాన్ని తీసేసి మామూలు సెట్టింగుల గుర్తును పెట్టింది.

పోస్టుమాన్ చదివినట్టు

తాళం అడ్రసుకు కాపలా కాస్తుంది కాబట్టి, ఆ అడ్రసును చదవడం కొనేవారి పని. అది ఎడమ నుంచి చదివితే మోసపోయే లిపి. ఉత్తరం మీది చిరునామాను పోస్టాఫీసు కింది నుంచి చదువుతుంది. ముందు పిన్‌కోడ్, తర్వాత ఊరు, వీధి, చివరికి మనిషి పేరు. వెబ్ అడ్రసునూ అలాగే చివరి నుంచి చదవాలి. మొదట్లో వచ్చే జంట ఏటవాలు గీతలను వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఒంటి గీతకు సరిగ్గా ముందున్న మాటలే అసలు యజమాని పేరు. ‘అమెజాన్ డాట్ ఇన్’ దగ్గర గీత వస్తే అది అమెజాన్ షాపు. ‘అమెజాన్ డాట్ ఇన్ డాట్ పండగ ఆఫర్లు డాట్ షాప్’ అని ఉంటే అది ‘పండగ ఆఫర్లు డాట్ షాప్’ అనే వేరెవరిదో ఇల్లు. ముందున్న అమెజాన్ పేరు ఆ ఇంటివాడు గుమ్మానికి తగిలించుకున్న బోర్డు.

అక్షరాల్లోనూ కన్నుగప్పే వేషాలున్నాయి. తెలుగులో మ, య లను తొందరలో ఒకదానికొకటిగా చదివినట్టే, ఇంగ్లిషు చిన్నబడిలో ఆర్, ఎన్ అక్షరాలు పక్కపక్కన పడితే ఎమ్ లాగా కనిపిస్తాయి. అందుకే ఎస్సెమ్మెస్‌లోనో వాట్సాప్‌లోనో వచ్చిన లింకు నొక్కడం కంటే, ఫోనులో ముందే ఉన్న యాప్ తెరవడం మేలు. కస్టమర్ కేర్ నంబరు విషయంలోనూ అంతే. ఆ నంబరును గూగుల్‌లో వెతికినవారికి మోసగాళ్లు నాటి ఉంచిన నంబర్లు తగులుతుంటాయి. యాప్‌లోని సహాయం విభాగంలో ఉన్నదే అసలు నంబరు.

చెప్పుల స్టాండు టోకెన్

డబ్బు కట్టే దగ్గర భారతదేశపు ఏర్పాట్లు గట్టివి. కార్డు నంబరుతోపాటు మరో ధ్రువీకరణ కూడా ఉంటేనే ఆన్‌లైన్ చెల్లింపు జరగాలని రిజర్వు బ్యాంకు 2009లోనే నియమం పెట్టింది. ఓటీపీ మన జీవితాల్లోకి అలా వచ్చింది. 2022 అక్టోబరు 1 నుంచి షాపింగ్ సైట్లు కార్డు నంబర్లను తమ దగ్గర దాచుకోవడానికి వీల్లేదు. ‘కార్డును సేవ్ చేయాలా’ అని సైటు అడిగినప్పుడు అవునంటే, అక్కడ మిగిలేది కార్డు నంబరుకు బదులుగా పుట్టించిన ఒక టోకెన్.

దీని పనితీరు గుడి దగ్గరి చెప్పుల స్టాండు టోకెన్ లాంటిది. ఆ బిళ్ల ఆ స్టాండులోనే చెల్లుతుంది. పక్క స్టాండుకు తీసుకెళ్తే విలువ లేదు. ఒక షాపు కంప్యూటర్లలో దొంగలు పడి టోకెన్లన్నీ ఎత్తుకుపోయినా, వాటితో ఇంకో షాపులో సూది కూడా కొనలేరు. ముక్కూమొహం తెలియని సైటులో కార్డు నంబరు కొట్టడం కంటే, పేరున్న యాప్‌లో టోకెన్‌గా ఉంచుకోవడమే భద్రం అనడానికి కారణం ఇదే.

యూపీఐలో గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే. పిన్ కొట్టడం అంటే ఖాతాలోంచి డబ్బు పంపడానికి సంతకం చేయడం. డబ్బు రావడానికి పిన్ అవసరం ఎన్నడూ ఉండదు. ‘రీఫండ్ పంపుతున్నాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అని ఎవరైనా అన్నారంటే, ఆ ఒక్క మాటతోనే మోసం రుజువైపోయినట్టు.

మరి డబ్బు కట్ అయ్యి ఆర్డరు పడకపోతే? రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు నియమం ప్రకారం, ఇలా మధ్యలో చిక్కిన ఆన్‌లైన్ చెల్లింపును లావాదేవీ రోజు తర్వాత ఐదు రోజుల్లోగా తిరిగి జమ చేయాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి. ఇది ఖాతాదారు అడగకపోయినా రావాల్సిన సొమ్ము.

నక్షత్రాల లెక్క

2006లో పాల్ రెస్నిక్, రిచర్డ్ జెక్‌హౌజర్ బృందం ఒక ముచ్చటైన ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. ఈబే సైటులో ఒకే రకం పాత పోస్టుకార్డులను రెండు విధాలుగా అమ్మకానికి పెట్టారు. కొన్నిటిని ఏళ్ల తరబడి మంచి పేరున్న అమ్మకందారు ఖాతాలో, కొన్నిటిని చరిత్ర లేని కొత్త ఖాతాల్లో. సరుకు ఒకటే, అమ్మే మనిషీ ఒకరే. అయినా పేరున్న ఖాతాకు కొన్నవారు 8.1 శాతం ఎక్కువ చెల్లించడానికి సిద్ధపడ్డారు. మంచి పేరుకు రూపాయల్లో విలువ కట్టవచ్చని ఈ ప్రయోగం చూపించింది. విలువైనది ఏదైనా ఉంటే దానికి నకిలీలు పుట్టకుండా ఉంటాయా? డబ్బిచ్చి రాయించిన రివ్యూలు అలా వచ్చినవే. భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది. దాన్ని పాటించడం సంస్థల ఇష్టానికే వదిలారు.

నకిలీలు లేకపోయినా నక్షత్రాలను చదవడానికి కాస్త లెక్క కావాలి. ఒక మిక్సీకి ఆరుగురు రివ్యూ రాశారు, ఆరుగురూ మెచ్చుకున్నారు. ఇంకో మిక్సీకి 100 మంది రాస్తే 94 మంది మెచ్చుకున్నారు. ఏది కొనాలి? పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ ఇలాంటి చోట వాడదగిన తేలిక సూత్రం ఒకటి ఇచ్చారు. మెచ్చుకున్నవారికి ఒకటి, మొత్తం సంఖ్యకు రెండు కలిపి భాగించాలి. మొదటి మిక్సీకి 8లో 7, అంటే 87.5 శాతం. రెండోదానికి 102లో 95, అంటే దాదాపు 93 శాతం. నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న మిక్సీయే వెనకబడింది. ఆరుగురి మాట కంటే వందమంది మాటకు బరువెక్కువ అనే లోకజ్ఞానం అంకెల్లోకి వస్తే ఇలా ఉంటుంది.

రివ్యూ రాసేది ఎవరు అన్నది కూడా చూడాలి. బాగా సంతోషపడినవారు, బాగా ఒళ్లు మండినవారు రాస్తారు. ఫర్వాలేదనుకున్నవారు సాధారణంగా రాయరు. అందుకే మూడు నక్షత్రాలిచ్చి, నాలుగు నెలలు వాడాక ఏం పాడైందో, సర్వీసుకు ఎవరు వచ్చారో చెప్పిన రివ్యూ దొరికితే అది పది పొగడ్తల పెట్టు.

అమ్మేది ఎవరు?

పెద్ద సైటులో కొన్నాం కదా, ఆ కంపెనీయే బాధ్యత వహిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి భారతదేశంలో విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ సంస్థలు సరుకును సొంతంగా నిల్వ పెట్టి వినియోగదారులకు అమ్మకూడదు. అవి వేదిక మాత్రమే. సంత స్థలం ఒకరిది, దుకాణాలు వేలమందివి. ‘సోల్డ్ బై’ అనే మాట పక్కన సన్నటి అక్షరాల్లో ఉండే పేరే అసలు అమ్మకందారు. ఆ పేరు మీద నొక్కితే వారి అడ్రసు, రేటింగు కనిపిస్తాయి.

ఈ తేడా ఎంత ముఖ్యమో 2022లో ప్రెషర్ కుక్కర్ల వ్యవహారం చూపింది. వంటింటి కుక్కర్లకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అన్న ఆదేశం 2021 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. కారణం భౌతికశాస్త్రంలోనే ఉంది. కుక్కరు లోపలి పీడనం బయటి గాలి పీడనానికి దాదాపు రెట్టింపు అవుతుంది. నీరు సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆవిరి గొట్టం మూసుకుపోయిన రోజున సేఫ్టీ వాల్వు పనిచేయకపోతే అది వంటగదిలో బాంబే. అయినా ప్రమాణాలకు నిలవని కుక్కర్లు సైట్లలో అమ్ముడయ్యాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ విచారించి, అమెజాన్ ద్వారా అమ్ముడైన 2,265 కుక్కర్లను, ఫ్లిప్‌కార్ట్ ద్వారా అమ్ముడైన 598 కుక్కర్లను వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వాలని ఆదేశించింది. చెరో లక్ష రూపాయల జరిమానా కూడా వేసింది. అమ్మింది మేం కాదు, మాది వేదికే అన్న వాదన అక్కడ నిలవలేదు.

ఐఎస్ఐ ముద్ర కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు పేరు వస్తుంది. పార్సిల్ విప్పిన రోజునే ఈ పని చేస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

తొందరపెట్టే గడియారం

‘ఇంకా 2 మాత్రమే మిగిలాయి’, ‘ఆఫర్ 09:58 నిమిషాల్లో ముగుస్తుంది’. ఇలాంటి ఎత్తులకు 2010లో బ్రిటన్ డిజైనర్ హ్యారీ బ్రిగ్నల్ డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టారు. 2019లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో అరుణేశ్ మాథుర్ బృందం సుమారు 11,000 షాపింగ్ సైట్లను జల్లెడ పట్టి 1,818 ఎత్తులను పట్టుకుంది. కొన్ని సైట్లలో సున్నాకు చేరిన గడియారం మళ్లీ మొదటికి తిరుగుతోంది. ‘ఇప్పుడు ఇంతమంది చూస్తున్నారు’ అనే అంకెను కొన్నిచోట్ల ప్రోగ్రాము ఇష్టం వచ్చినట్టు పుట్టిస్తోంది.

కొనేవారి దగ్గర పెద్ద యంత్రాంగం లేకపోయినా చిన్న పరీక్ష ఉంది. పేజీని మూసి మళ్లీ తెరిచినప్పుడు గడియారం మొదటి నుంచి నడిస్తే అది నాటకం.

భారత ప్రభుత్వం 2023 నవంబరు 30న ఇలాంటి 13 రకాల ఎత్తులను పేరుపేరునా చెప్పి నిషేధించింది. అడగని వస్తువునో విరాళాన్నో బుట్టలో దూర్చడం, చివరి మెట్టు దాకా తక్కువ ధర చూపి అక్కడ ఛార్జీలు కలపడం, సభ్యత్వం తీసుకోవడం తేలికగానూ మానుకోవడం చిక్కుముడిగానూ పెట్టడం అందులో ఉన్నాయి. డబ్బు కట్టేముందు బిల్లును వరసల వారీగా ఒకసారి చదివితే మొదటి రెండూ అక్కడే పట్టుబడతాయి.

గుమ్మంలో

పార్సిల్ వచ్చే వేళకు రెండు రకాల ఓటీపీలు కలగాపులగం అవుతాయి. ఖరీదైన సరుకు అందినట్టు డెలివరీ మనిషికి చెప్పేది ఒకటి, బ్యాంకు ఖాతా తెరిచేది ఇంకొకటి. ఏది దేనికో మెసేజ్‌లోనే రాసి ఉంటుంది. అంకెల దాకా పోకుండా ముందున్న మాటలు చదివితే చాలు. డెలివరీ ఓటీపీని పెట్టె చేతికి వచ్చి, వీలున్న చోట విప్పి చూశాకే చెప్పాలి. ‘మీ పేరున ఆర్డరు వచ్చింది, మీరు పెట్టలేదా? అయితే రద్దు చేయడానికి ఓటీపీ చెప్పండి’ అనే ఫోను పాత వల.

కొత్త వల ఇంకొకటి ఉంది. కొరియర్ వాళ్లమంటూ ఫోను చేసి, నక్షత్రం గుర్తుతో మొదలయ్యే ఒక కోడ్‌ను నొక్కమంటారు. దాంతో ఫోను కాల్స్ వాళ్ల నంబరుకు మళ్లుతాయి. ఫోను ద్వారా చెప్పే ఓటీపీలు వాళ్ల చెవిన పడతాయి. ఈ బెడద వల్లనే టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి కోడ్‌తో కాల్ మళ్లించే సదుపాయాన్ని ఆపమని కంపెనీలను ఆదేశించింది. అనుమానం ఉన్నవారు ##002# నొక్కితే మళ్లింపులన్నీ రద్దవుతాయి.

డబ్బు పోయిందని తెలిసిన క్షణం నుంచి లెక్క నిమిషాల్లో ఉంటుంది. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేస్తే ఫిర్యాదు వెంటనే బ్యాంకులకు చేరుతుంది. సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు పారిపోయేలోగా దారిలో ఎక్కడైనా ఉంటే ఆపగలుగుతారు. బ్యాంకుకూ అప్పుడే చెప్పాలి. రిజర్వు బ్యాంకు 2017 సర్క్యులర్ ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాకుండా మధ్యలో ఇంకెక్కడో జరిగితే, మూడు పనిదినాల్లోగా తెలిపిన ఖాతాదారు మీద ఒక్క రూపాయి భారం కూడా పడకూడదు. ఓటీపీ తానే చెప్పి ఉంటే ఫిర్యాదు చేసే క్షణం దాకా పోయింది తనదే. ఆ తర్వాత పోయేది బ్యాంకుది. సిగ్గుపడి దాచిన ప్రతి గంటకూ ఇక్కడ ధర ఉంది.

దొంగతనం కాకుండా సరుకులోనే తేడా వస్తే దారి వేరు. పాడైంది, నకిలీది, చూపినదానికి భిన్నమైనది వస్తే అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనడానికి 2020 ఈ-కామర్స్ నియమాలు ఒప్పుకోవు. ఫిర్యాదు అందినట్టు సంస్థ 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. పెట్టె విప్పుతుండగా తీసిన వీడియో, బిల్లు, సరుకు పేజీ స్క్రీన్‌షాట్ ఉంటే వాదన అక్కర్లేదు. అయినా కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ తర్వాతి మెట్టు వినియోగదారుల కమిషన్. ఒకప్పుడు అమ్మినవారు ఉండే చోటో, వివాదం పుట్టిన చోటో కేసు వేయాల్సి వచ్చేది. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, కొన్నవారు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకునే వీలిచ్చింది. సరుకు ఖరీదు ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. 2007లో మహబూబ్‌నగర్‌లో పుస్తకం కోసం ఎదురుచూసిన ఆ పాఠకుడికి పార్సిల్ రాకపోయుంటే బెంగళూరు వైపు చూడాల్సి వచ్చేదేమో. ఇప్పుడు అదే ఊళ్లో ఎవరికైనా తప్పు పుస్తకం వస్తే, బిల్లూ స్క్రీన్‌షాటూ పట్టుకుని మహబూబ్‌నగర్ జిల్లా కమిషన్ దాకా వెళితే సరిపోతుంది.